తొమ్మిదో నంబరు పట్టీ

నా సర్వీసులో సంతకం పెట్టిన రిపోర్టులన్నిటిలో చూడముచ్చటైనది ఒకటుంది. కొట్టివేతలు లేవు, అనుమానాలు లేవు. పదకొండు వారాల కొలతలు నీటుగా వరస కట్టి ఉంటాయి. ఫొటోలు కూడా బ్రహ్మాండంగా వచ్చాయి. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అందులో నిజం లేదు. సర్వే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎవరైనా నన్ను చూడటానికి వస్తే, నేను కట్టించిన వంతెనల గురించి చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం ఈ రిపోర్టు సంగతే చెబుతాను. వాళ్లు మొహమాటానికి వింటారు. మీరూ వినండి.

తొంభైల మొదట్లో నేను ఒమాన్‌లో ఉన్నాను. మాది తెనాలి పక్కన పల్లెటూరు, చదివింది డిప్లొమా. మస్కట్‌లో ఖురం ప్రాంతంలో మా కన్సల్టెంట్ల ఆఫీసు ఉండేది. ఎక్కడైనా పాత కోటలు, మట్టి ఇళ్లు ఉన్నచోట కాలువ తవ్వాలన్నా పైపు వేయాలన్నా, ఆ తవ్వకం వల్ల పాత కట్టడాలకు ఏమవుతుందో ముందుగా చూసి చెప్పడం మా పని. చూసేది నేను. చెప్పేది మా చీఫ్ ఇంజినీరు. ఆయన సూడాన్ దేశస్థుడు, చాలా పొడుగు, చాలా తక్కువ మాట.

ఆ ఏడు మాకు రుస్తాఖ్ పని వచ్చింది. కొండల్లో వాన పడితే గంటలో నీళ్లు బజారు సందుల్లోకి వచ్చేవి. బియ్యం బస్తాలు తడిసేవి, ఒకసారి ఒక కారే కొట్టుకుపోయింది. అందుకని ఊరి మధ్యగా లోతైన సిమెంటు కాలువ వేయాలని తీర్మానించారు. మంచి ఆలోచనే. నేను దాన్ని ఇప్పటికీ తప్పు పట్టను. అయితే ఆ కాలువ గీత మ్యాపు మీద ఒకచోట పాత మట్టి ఇళ్ల పక్కనుంచి, సరిగ్గా ఒక బడి వెనక గోడకు నాలుగు బారల దూరంలో పోతుంది.

ఆ బడి గురించి చెప్పాలి. రెండంతస్తుల మట్టి ఇటుకల ఇల్లు, ఖర్జూరపు దూలాలు, ఎన్ని వందల ఏళ్లదో ఎవరికీ తెలియదు. కింది గదిలో ఒక ముసలాయన పాతికమంది పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేవాడు. పిల్లలు వెనక గోడకు వీపులు ఆనించి, చాపల మీద కూర్చుని, అందరూ ఒకేసారి పైకి చదివేవారు. ఎవరు ఏ పేజీలో ఉన్నారో ఆయనకు ఎలా తెలిసేదో గాని, తప్పు చదివిన పిల్లవాడి వైపు మాత్రం ఠక్కున తిరిగేవాడు. మా మేస్త్రీ ఆయనకు 'పంతులుగారు' అని పేరు పెట్టాడు. ఆయన అరబ్బీ పేరు పలకడం కన్నా అదే సుఖంగా ఉందని నేనూ అలాగే అనేవాణ్ణి.

మేస్త్రీది సిరిసిల్ల వైపు. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆ సైట్‌లో మా కంపెనీకి ఉన్న ఒకే ఒక తాపీ మనిషి. గోడ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు, డాక్టరు నాడి చూసినట్టు. మొదటి రోజే నాతో అన్నాడు.

"సారూ, ఇది మంచి మట్టి. మా ఇంటి గోడ గూడ గిట్లనే ఉంటది. దీనికి ఎండ గావాలె, జెర తడి గూడ గావాలె. రెండిట్ల ఏది ఎక్కువైనా బతుకది."

నేను నవ్వి నోట్‌బుక్కులో వేరే ఏదో రాసుకున్నాను. ఆయన ఆ ఒక్క మాటలో చెప్పింది మా రిపోర్టులో రెండో అధ్యాయం మొత్తం. అది నాకు తర్వాత తెలిసింది.

పని పద్ధతి సులువు. గోడలో అప్పటికే ఉన్న బీటల మీద అడ్డంగా అరచేయంత జిప్సం పట్టీ వేస్తాం. దాని మీద మేకుతో నంబరు, తేదీ గీస్తాం. గోడ కదలకపోతే పట్టీ అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పట్టీ చిట్లుతుంది. అంతకన్నా చవకైన, నమ్మకమైన సాధనం లేదు. ఆ బడికి పద్నాలుగు పట్టీలు వేయించాను. వీధి వైపు గోడ మీద ఏడు, వెనక గోడ మీద ఏడు. ఎక్కడ వేయాలో సుద్దముక్కతో చూపించాను, మేస్త్రీ వేశాడు. ఆయన వేసిన పట్టీలు అద్దాల్లా ఉండేవి. "భలే వేశావు మేస్త్రీ" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత నేను చెప్పవలసిన ఇంకో వాక్యం ఉంది. అది చెప్పలేదు.

ప్రతి మంగళవారం పికప్‌లో ఖురం నుంచి రెండు గంటలు నడుపుకుంటూ రుస్తాఖ్ వెళ్లేవాణ్ణి. అప్పటికే ఊరి దిగువన కాలువ మొదటి భాగం తవ్వుతున్నారు. కొన్ని వారాలకు రెండు నిలువుల లోతులో నీళ్లు పడ్డాయి. పంపులు పెట్టి తోడి వాగులోకి వదులుతున్నారు. బడి దగ్గరికి వెళ్తే ముందు పని కాదు, కాఫీ. పంతులుగారు చిన్న పింగాణీ గిన్నెలో యాలకుల కాఫీ, పక్కన ఖర్జూరాలు పెట్టేవాడు. చాలు అనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఈ సంగతి మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు. మర్యాద కాదని మొదటి రోజు తొమ్మిది గిన్నెలు తాగి, ఆ రాత్రి రూమ్‌లో నిద్ర పట్టక దూలాలు లెక్కపెట్టాడట. చూశారా, చెప్పకపోవడం వల్ల వచ్చే తిప్పలు నాకు మొదటి రోజే కనబడ్డాయి. అయినా బుర్రకెక్కలేదు.

కాఫీ అయ్యాక పద్నాలుగు పట్టీలూ చూసేవాణ్ణి. ఒక్కటీ చిట్లలేదు. ఫొటో తీసేవాణ్ణి. పంతులుగారు గుమ్మంలో నిలబడి "జైన్?" అనేవాడు, బాగుందా అని. "జైన్" అనేవాణ్ణి నేను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్లేవాడు, పిల్లల చదువు మళ్లీ మొదలయ్యేది. పదకొండు వారాలు అలా నడిచింది. చివరికి వచ్చేసరికి నేను పట్టీలను చూస్తున్నానో కాఫీ కోసం వెళ్తున్నానో నాకే తెలియదు.

రిపోర్టు రాయడానికి ఒక మంగళవారం మానేశాను. గోడలు నిలకడగా ఉన్నాయి, కాలువ అనుకున్న దారినే తవ్వవచ్చు అని రాసి సంతకం చేశాను. ఆ తర్వాతి బుధవారం ఖురంలో మీటింగు, శనివారం బడి వెనక తవ్వకం మొదలు. మీటింగుకు ముందు రోజు, అంటే మానేసిన దాని తర్వాతి మంగళవారం, చివరి ఫొటోల కోసం రుస్తాఖ్ వెళ్లాను.

మేస్త్రీ లేడు. పచ్చకామెర్లు వచ్చి పదిరోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. సరే అని వెనక్కి వెళ్లి చూద్దును కదా, ఎనిమిదో పట్టీ నిలువునా చిట్లి ఉంది. పదోది చిట్లి ఉంది. తొమ్మిదోది రెండు ముక్కలై ఒక ముక్క కింద పడి ఉంది. బీటలో నా చిటికెన వేలు కొస దూరింది. గోడకు అవతలి పక్క పిల్లలు చదువుతున్నారు. వాళ్ల గొంతులు ఆ సందులోంచి నా వేలికి తగులుతున్నట్టు అనిపించింది.

పంతులుగారు వచ్చాడు. ఈసారి జైన్ అని అడగలేదు. పగిలిన పట్టీలు చూపించి, నాకు వచ్చిన కాస్త అరబ్బీకి అందేలా మెల్లగా, "మీ మేస్త్రీ రాలేదు, అందుకే కట్టు మార్చలేదు" అన్నాడు.

"ఏం కట్టు?"

"ప్రతి సోమవారం సాయంత్రం వచ్చి మారుస్తాడు కదా. పాతది తీసేస్తాడు, గాయం తుడుస్తాడు, కొత్తది వేస్తాడు. గోడకు బాగా వైద్యం చేస్తున్నాడు. రోజూ నమాజులో అతని కోసం కూడా అడుగుతున్నాను."

ఒక్కసారిగా నాకు ఆ తెలుపు గుర్తొచ్చింది. రుస్తాఖ్ దుమ్ముకు తెల్ల చొక్కా పూటలో మట్టి రంగుకు వస్తుంది. మూడు రోజులు ఆగితే కారు ఏ రంగో చెప్పలేం. అలాంటి చోట, వీధి వైపు పట్టీలు మట్టి రంగుకు తిరిగినా, వెనక గోడవి పదకొండు వారాలూ మల్లెపువ్వుల్లా ఎలా ఉన్నాయి? అన్ని ఫొటోలు తీశాను, అన్నిటిలోనూ అది కనబడుతూనే ఉంది. కళ్లు ఉంటే సరిపోదు మరి.

నాకు కోపం ఎక్కువ. అప్పట్లో మరీ ఎక్కువ. ఆస్పత్రికి వెళ్లేదాకా పికప్‌లో మేస్త్రీని అనవలసిన మాటలన్నీ పేర్చుకుంటూ పోయాను. వార్డులో ఆయన కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు. నేను నోరు తెరవకముందే తనే అడిగాడు.

"పలిగినయా సారూ?"

నేను తలూపాను.

"మాఫ్ చెయ్యిండ్రి సారూ. నా చెయ్యి ఎందుకో ఆ గోడ మీద నిలుస్తలేదు. అన్ని తీర్ల చూసిన. నీళ్లు తక్కువ పోసిన, గోనెపీచు కలిపిన, మేకబొచ్చు కలిపిన. వారం తిరిగేసరికి మళ్ల పలుగుతది. మీరు మంగళారం వస్తరు గదా, మీరు చూడకముందే మంచిగ చేస్తుంటి. మీరు గీసిన అంకెలు ఉన్నదున్నట్టు గీసిన. సలాలా పట్నంల, పాత కంపెనీల ఒక్క గోడ ప్లాస్టరు చిట్లినందుకే ఫోర్‌మెన్ నన్ను ఊరికి విమానం ఎక్కిచ్చిండు. ఇంకోసారి గట్లయితే ఇంట్ల ముఖం జూపలేను."

పేర్చుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. కూర్చుని, పదమూడు వారాల కిందట చెప్పవలసిన వాక్యం అప్పుడు చెప్పాను.

"మేస్త్రీ, అవి పగలడానికే వేశాం. గోడ కదిలితే మనకు తెలియాలని. అది పగలడం నీ తప్పు కాదు. అది పగిలితేనే నీ పని బాగున్నట్టు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను ఏడిపిస్తున్నానేమో అని చూశాడనుకుంటా. తర్వాత మెల్లగా, "గీ మాట ముందు చెప్పకపోతిరి సారూ" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆయనే మళ్లీ అన్నాడు, "నా పేరు జెప్తె పంపిస్తరు."

నిజమే, పంపిస్తారు. మీకు దాచకుండా చెబుతాను, అప్పటికే నా బుర్రలో ఒక దారి దొరికింది. పట్టీలు ఈ రెండు వారాల్లోనే పగిలాయని రాస్తే చాలు. పాత రిపోర్టుకు ఢోకా లేదు, నా సంతకం నిలుస్తుంది, మేస్త్రీ ఉద్యోగం నిలుస్తుంది. ఏదో బరువు లారీ పోయిందనుకుంటారు, పట్టీలు మళ్లీ వేయిస్తారు. తవ్వకం ఒక వారం ఆలస్యం, అంతే. కాని గోడ నిజంగా ఎన్నాళ్లుగా జరుగుతోందో, దిగువన పంపులు తోడుతున్న నీళ్లకూ దానికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ దారి మేస్త్రీకి చెప్పాను కూడా. సిగ్గుపడుతూనే చెప్పాను.

ఆయన దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

"పిల్లలు ఆ గోడకే ఒరిగి కూసుంటరు గదా సారూ" అన్నాడు చివరికి. "రూమ్‌ల నా మంచం కింద పాలపొడి డబ్బ ఉంది. పలిగిన ముక్కలన్ని అండ్లనే ఏసిన. సైట్ల పారేస్తె ఎవలన్న చూస్తరని దాచిన. ఏ కలుపు ఎన్నో వారందో యాదికుండాలని ఎనుక గీతలు గూడ గీసిన. తీస్కపొండ్రి."

"నీ పేరు చెప్పాల్సి వస్తుంది మేస్త్రీ."

"ఎర్కనే" అన్నాడు.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయలేక వచ్చేశాను. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి వేయనందుకు బాధపడుతూనే ఉన్నాను.

మర్నాడు మీటింగుకు గంట ముందే చీఫ్ గదిలోకి వెళ్లి డబ్బా బల్ల మీద పెట్టాను. జరిగినదంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. అయ్యాక నా రిపోర్టు చివరి పేజీ తిప్పాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"పట్టీలు ఎందుకు వేస్తున్నామో అతనికి చెప్పావా?"

"లేదు సార్."

"ఎందుకు?"

తాపీ పట్టుకునేవాడికి ఎందుకో చెప్పాల్సిన అవసరం ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు. నాకు కూడా పై వాళ్లెవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటే ఎలాగో నసిగాను. ఆయన డబ్బాను పాత న్యూస్‌పేపరు మీద బోర్లించాడు.

తర్వాత మేమిద్దరం ఆ ముక్కలు పేర్చాం. ముందువైపు నా నంబరు, వెనకవైపు మేస్త్రీ గీతలు. ఒక గీత మొదటి వారం, రెండు గీతలు రెండో వారం. వీధి వైపు గోడది ఒక్క ముక్క కూడా లేదు. వెనక గోడ పట్టీల్లో కొన్ని నంబర్లవి ఏడు వారాల ముక్కలు, కొన్నిటివి ఐదు వారాలవి. తొమ్మిదో నంబరువి మాత్రం నాలుగో వారం నుంచి వారం తప్పకుండా ఉన్నాయి. చీఫ్ లేచి గోడ మీది చార్టు చూశాడు. దిగువన పంపులు మొదలైంది సరిగ్గా ఆ నాలుగో వారంలోనే. నేల తడి లాగేస్తుంటే అడుగున మట్టి కుంచించుకుపోయి, గోడ మెల్లమెల్లగా దిగబడుతోంది. ఎండ కావాలి, తడి కూడా కావాలి. మొదటి రోజు విన్నదే.

"మా నాన్న ఇల్లు నైలు ఒడ్డున మట్టిదే" అన్నాడు చీఫ్. ఆయన నోట సొంత మాట వినడం నాకు అదే మొదటిసారి, చివరిసారి కూడా. ముక్కలు మళ్లీ జాగ్రత్తగా డబ్బాలో వేస్తూ, "నా దగ్గర ఇన్నేళ్లలో ఇంత ఓపికగా కొలతలు దాచినవాడు లేడు. అతను లేచాక మళ్లీ అదే బడికి పంపు. ఈసారి చెప్పి పంపు" అన్నాడు.

మీటింగులో ఆయన లేచి తన ఆఫీసు రిపోర్టు తప్పని తనే చెప్పాడు. కాంట్రాక్టరు మనుషులు గోల చేశారు. ఆయన డబ్బా మూత తీసి వాళ్ల ముందుకు జరిపాడు, అంతే. పంపులు ఆపి మరో పద్ధతిలో తవ్వమన్నారు. బడి దగ్గర కాలువను రోడ్డు అవతలికి జరిపారు. గోడ కుదురుకునేదాకా పిల్లలను ఊరి పెద్దలు కూర్చునే సావిడిలోకి మార్చారు. నాకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. పెళ్లి శుభలేఖలతో పాటు ఇంట్లో భద్రంగా ఉంది.

పంతులుగారికి చెప్పడం మాత్రం నా వంతుకే వచ్చింది. పదకొండుసార్లు జైన్ అన్న నోటితో, జైన్ కాదు అని చెప్పాను. నా తప్పేనని చెప్పాను. ఆయన విని లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకుంటాడనుకున్నాను. కాఫీ తెచ్చాడు. ఆ రోజు గిన్నె ఊపడం నేనూ మరిచిపోయాను.

మేస్త్రీ కోలుకుని వచ్చాక ఇద్దరం పట్టీలు మళ్లీ వేశాం. ఈసారి ఒక్కొక్కటి ఎందుకో, పగిలితే ఏం చేయాలో చెప్పాను. ఆయన తలూపాడు గాని మనసు ఒప్పలేదని తెలుస్తూనే ఉంది. తన చేతి పని చిట్లితే చూస్తూ ఊరుకోమనడం తాపీ మనిషికి ఎంత కష్టమో నాకు అప్పటికి తెలిసింది.

ఎనిమిది రోజుల తర్వాత ఆఫీసుకు ఫోన్ వచ్చింది. రుస్తాఖ్ కిరాణా కొట్టు నుంచి మేస్త్రీ.

"సారూ, తొమ్మిది పలిగింది. నేను ముట్టలే."

"ముట్టలేదా?"

"దేవుని సాచ్చిగ ముట్టలే సారూ. ఉన్నదున్నట్టే ఉంది. జల్ది రాండ్రి."

ఆ సాయంత్రమే గోడ ఒరగకుండా ఊతంగా దూలాలు పోటు పెట్టించాం. నాలుగో రోజున పైఅంతస్తు మూల ఒక జానెడు జారి ఆ పోట్ల మీద ఆనుకుంది. కింద గది ఖాళీగా ఉంది. చాపలు చుట్టి ఓ మూల పెట్టి ఉన్నాయి. నేను ఆ చాపల పక్కన నిలబడి ఏడ్చాను. మేస్త్రీ చూడనట్టు బయట మట్టి కలుపుకుంటున్నాడు.

ఆ మూలను ఆయనే కట్టాడు, పంతులుగారు చెప్పిన పాళ్లలో మట్టి, గడ్డి, సున్నం కలిపి. ఒకరిది అరబ్బీ, ఒకరిది సిరిసిల్ల తెలుగు, ఇద్దరూ రోజంతా పోట్లాడుకుంటూనే ఉండేవారు. ఎండాకాలం ముందు పిల్లలు తిరిగి వచ్చారు.

రుస్తాఖ్‌కు నా చివరి మంగళవారం నాటికి, మూల కట్టాక కొత్తగా వేసిన తొమ్మిదో పట్టీకి మూడు నెలలు దాటింది. వెళ్లి చూస్తే ఎక్కడుందో కనబడలేదు. వెతకాల్సి వచ్చింది. దుమ్ము పట్టి, చెమ్మ మరకలు పడి, గోడలో గోడలా కలిసిపోయింది. అంకెలు కూడా సగం పూడిపోయాయి. ఒక్క చిట్లు లేదు. లోపల పాతికమంది ఒకేసారి చదువుతున్నారు.

మేస్త్రీ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. చేతిలో తడిగుడ్డ ఉంది. చూసీ చూసీ ఇక ఆగలేకపోయాడు.

"మస్తు గలీజుగున్నది సారూ. జెర తుడువాల్నా?"

"వద్దు మేస్త్రీ" అన్నాను. "అలాగే ఉండనీ."